జూయ ముక్కు వెంబడి

బ్రెగ్ గ్రామం,
జూన్, పునీత ఆంథోనీ పండుగ మర్నాడు

గౌరవనీయులైన మామయ్యగారికి,

మీ కోడలు ఓలివా రాస్తున్న ఉత్తరం. ఇంట్లో అందరం బాగున్నాం. అందరం అంటే నేను, కోళ్ళు, జూయ. మీ అబ్బాయి ఓడ మీద నుంచి కార్డు పంపారు. ద్రాక్షకి గంధకం కొట్టించావా అని అడిగారు. కొట్టించాను. చిక్కుళ్ళు పూతకొచ్చాయి. కాలికి వేసిన కట్టు లోపల దురద పెడుతోందని మీరు బస్సు డ్రైవరుతో చెప్పి పంపారట. అల్లిక సూది ఒకటి పంపుతున్నాను, గోక్కోవడానికి పనికొస్తుంది.

నేను నాలుగో తరగతి దాకానే చదువుకున్నాను, తప్పులుంటే మన్నించండి. ఇంట్లో ఉన్నప్పుడు మీతో "భోజనం వడ్డించాను" అనో "గొళ్ళెం పెట్టాను" అనో తప్ప మరో మాట చెప్పి ఎరగను. కాగితం ముందు మాత్రం అంత భయం వేయడం లేదు.

ఇక మన కుక్క జూయ సంగతి. మీరు ఆసుపత్రికి వెళ్తూ బండిలోంచి చెప్పినట్టే చేస్తున్నాను. పొట్టి తాడు కట్టి, తారు రోడ్డు మీద పునీత రోకు గుడి దాకా నడిపించి వెనక్కి తెస్తున్నాను. అడవి వైపు పోనివ్వడం లేదు. ముక్కు నేలకి దించబోతే తాడు లాగుతున్నాను. మా ద్వీపంలో గొర్రెలు తప్ప ఏమీ లేవు, తార్తూఫు పేరే వినలేదు. మట్టికింద పెరిగే, కుక్క వాసన పట్టి తీసే ఒక ఖరీదైన పుట్టగొడుగు కోసం ఇంత రహస్యమా అని పెళ్ళయిన కొత్తలో ఆశ్చర్యపోయాను. ఇప్పుడు తెలుస్తోంది. మేమిద్దరం గడప దాటగానే కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకుంటాయి. మీ చిన్నాన్న కొడుకు ఫ్రానె చిన్నమామయ్య గోడ మీద కూర్చుని కొడవలి నూరుతుంటారు. రోజూ నూరుతారు. ఆ కొడవలి ఇంకా ఎలా మిగిలిందో!

అందరూ చూసేది కుక్కనే అని నాకు తెలుసు. అయినా సిగ్గుతో చచ్చిపోతున్నాను. జూయ తల ఎత్తుకుని, నేను తల దించుకుని నడుస్తాం.

ఒక్కటే బెంగ. అది రోజూ సగం గిన్నె వదిలేస్తోంది.

మీ కోడలు,
ఓలివా


రొవీన్ ఆసుపత్రి,
జూన్ నెలాఖరు

ఓలివాకు,

ముందుగా పోస్టాఫీసు ఉర్షులాకు ఒక మాట. నువ్వు ఈ ఉత్తరాన్ని ఆవిరి పట్టి తెరుస్తావని నాకు తెలుసు. చదివాక గట్టిగా అంటించు. పోయినసారి అంచు ఊడింది.

ఇక నీకు. సూది అందింది. నా మందులన్నిటికంటే అదే నయం.

జూయ తల్లిని కూడా నేనే పెంచాను. ఈ లోయలో అలాంటి ముక్కు మరొకటి లేదు. అందుకే తారు రోడ్డు. అది ముక్కు దించిన చోటే ఫ్రానె పార దించుతాడు. నా జాగాలు ముప్పై ఏళ్ళుగా నా కడుపులో ఉన్నాయి. నీ మొగుడికి కూడా చెప్పలేదు. వాడు సముద్రం మనిషి. చెబితే వినడు, విన్నా గుర్తుండదు.

తినకపోతే ఆకలి వేసేదాకా పెట్టకు. నడక అంటే కాళ్ళు సాగడం, అంతే. సెప్టెంబరులో తెల్ల తార్తూఫు మొదలయ్యేనాటికి దాని కాళ్ళు బిగువుగా ఉండాలి. ఉత్సాహం చచ్చిన కుక్క ఒక్క సీజను పోగొట్టుకుంటే ఇక ఎందుకూ పనికిరాదు.

ఇక్కడ తిండి బాగుంది. నన్ను కూడా రోజూ నడిపిస్తున్నారు. ఫ్రానె చూడ్డానికి వచ్చాడు, పీచ్ పళ్ళు తెచ్చాడు. వాడు ఊరికే పళ్ళు తెచ్చే రకం కాదు.

బార్తోల్


బ్రెగ్,
జూలై

మామయ్యగారికి,

నేను మీ మాట తప్పాను. ముందే చెప్పేస్తే మిగతాది రాయడం తేలిక.

మొన్న మధ్యాహ్నం జూయ రోడ్డు మధ్యలో పడుకుంది. లాగాను, బతిమాలాను, కదల్లేదు. ఫ్రానె చిన్నమామయ్య భార్య తోనీనా అత్తయ్య కిటికీలోంచి అరిచింది. "మోసుకుపో పిల్లా! పెళ్ళికూతుర్ని మోసినట్టు మోసుకుపో!" నిజంగానే మోసుకొచ్చాను. అదెంత బరువో మీకు తెలుసు. ఇంటికొచ్చి చూస్తే పాదాల మెత్తలు బొబ్బలెక్కి ఉన్నాయి. మర్నాడు అదే వేళకి వెళ్ళి చెప్పులు విడిచి తారు మీద నిలబడ్డాను. నిలబడలేకపోయాను. నేను చెప్పులేసుకుని దాన్ని ఉత్తికాళ్ళతో తిప్పాను మామయ్యగారూ, ఇన్నాళ్ళూ.

ఇప్పుడు తెల్లవారుతూనే మంచు ఆరకముందే వెళ్తున్నాం. ద్రాక్షతోటల మధ్య గడ్డి దారిలో నడుస్తున్నాం. తాడు మార్చాను. బట్టలారేసుకునే పాతది, పొడుగ్గా వదులుగా ఉంటుంది. అడవి వైపు మాత్రం వెళ్ళలేదు, ఒట్టు.

మొదటిరోజు తాడు వదులయ్యేసరికి నమ్మకం కుదరక నావైపు చూస్తూ నిలబడిపోయింది. తర్వాత ముక్కు దించింది. ఒకే రాయి దగ్గర, నేను జపమాల ఒక చుట్టు పూర్తిచేసేంతసేపు ఉండిపోయింది. ఏ పిల్లి వచ్చిందో, ఏ అడవిపంది వెళ్ళిందో, ఎవరు ఎవరి మీద అలిగారో, అన్నీ ఆ రాయి మీద ఉన్నాయి కాబోలు. నేను తొందరపెట్టలేదు. నన్ను కూడా ఎవరూ తొందరపెట్టకపోతేనే నాకు బాగుంటుంది.

ఆ సాయంత్రం గిన్నె నాకి నాకి గోడ దాకా తోసింది.

ఇంకొకటి కూడా చేస్తున్నాను. చలికాలం గొర్రెలు దొడ్లో ఉండిపోతే కుక్కకి దిగులు పుడుతుందని మా నాన్న దానికి వస్తువులు దాచి వెతికించేవాడు. నేను ఎండిన జున్ను అంచులు గుడ్డపేలికలో కట్టి పాతిపెడుతున్నాను. సాయంత్రం నీళ్ళకి వెళ్తున్నట్టు వెళ్ళి పాతి, పొద్దున్నే దాన్ని తీసుకెళ్తాను. రోజుకొక చోటు. గుడి వెనక, బంతాట మైదానం మూల, బట్టలుతికే తొట్టి పక్కన. దొరికినప్పుడు దాని తోకొక్కటే కాదు, వెనక సగమంతా ఊగుతుంది. ఇంటికొచ్చాక అలసిపోయి గుర్రు పెడుతుంది. అంతకుముందు ఎంత దూరం నడిపించినా ఇంత హాయిగా పడుకోలేదు.

మీరు కోప్పడితే మానేస్తాను. కోప్పడకండి.

ఓలివా


రొవీన్,
జూలై నెలాఖరు

ఓలివా,

కోప్పడుతున్నాను. ఊరందరి ముందు నా కుక్క చేత తవ్విస్తావా! నీ ఉత్తరం చదివి మంచం మీంచి లేవబోయాను. పక్కమంచం ముసలి జాలరి నన్ను పట్టుకుని "ఎవరు పోయారన్నా?" అన్నాడు. "ఎవరూ పోలేదు, నా కుక్క ఊరి మధ్యలో ముక్కు దించింది" అన్నాను. "ఓస్, ఇంతేనా" అని మళ్ళీ పడుకున్నాడు. చేపలు పట్టేవాడికేం తెలుసు ఈ బాధ.

ఆ కోపంలోనే నీకు రాసి పడేసేవాణ్ణి. కానీ సాయంత్రం ఫ్రానె వచ్చాడు. ఈసారి అంజూరాలు. పళ్ళెంలో సర్దుతుంటే వాడి గోళ్ళు చూశాను. గోళ్ళనిండా ఎర్రమట్టి. తార్తూఫు పెరిగేది లోయలో, తడిసిన బూడిదరంగు మట్టిలో. మన ఊళ్ళో ఎర్రమట్టి గుడి వెనకే ఉంది. ఎండిపోయిన సున్నపురాళ్ళ నేల. అక్కడ తార్తూఫు మొలవాలంటే ముందు సముద్రం కొండెక్కాలి.

"పొలం పనా ఫ్రానే?" అన్నాను.

"ఆఁ. ఉల్లిపాయలు."

"గుడి వెనక వేశావా ఉల్లిపాయలు?"

"ఎవడు చెప్పాడు నీకు?" అన్నాడు. అంజూరం గొంతుకి అడ్డం పడింది. నర్సు వచ్చి వీపు మీద చరిచింది.

వాడు వెళ్ళాక నవ్వాను. కాలు విరిగాక ఇదే మొదటిసారి. కట్టు లోపల నొప్పి పుట్టేదాకా నవ్వాను.

కాబట్టి తిట్లు వెనక్కి తీసుకోను గానీ వాయిదా వేస్తున్నాను. చెప్పేది విను. మరీ లోతుగా పాతకు, గోళ్ళు విరుగుతాయి. అది తవ్వడం మొదలుపెట్టగానే "నెమ్మది" అను, ముక్కు పక్కన చెయ్యి ఆనించు. దొరికింది నీ చేతిలో పెట్టేదాకా ఆగు, అప్పుడు తినడానికి ఇంకేదైనా ఇవ్వు. లేకపోతే సీజనులో దొరికిన తార్తూఫులన్నీ అదే మింగుతుంది.

ఉర్షులా, ఈ జున్ను సంగతి ఫ్రానె చెవిన వేశావో, వచ్చాక చెబుతాను నీ పని.

బార్తోల్


బ్రెగ్,
ఆగస్టు, పునీత రోకు పండుగ తర్వాత

మామయ్యా,

("గారు" మరిచిపోలేదు. కలం తొందరలో దాటేసింది. దిద్దితే కాగితం పాడవుతుందని ఉంచేశాను.)

ఈ వేడుక చూడ్డానికి మీరు ఇక్కడ ఉండాల్సింది! గుడి వెనకంతా గుంతలు. మైదానం మూల గుంతలు పడి పిల్లలు గోల్‌పోస్టును అటునుంచి ఇటు మార్చుకున్నారు. తొట్టి దగ్గర తవ్వింది ఒక్క ఫ్రానె చిన్నమామయ్యే కాదు, మిగతా పేర్లు నేను రాయను. "బార్తోల్ ఎంత గడుసువాడు! ముప్పై ఏళ్ళు అడవికి పోతున్నట్టు నటించి ఊళ్ళోనే తవ్వుకున్నాడు" అని బావి దగ్గర చెప్పుకుంటుంటే విన్నాను.

పండుగ ముందురోజు జూయ తాడు విడిపించుకుని ఫాదర్ గారి చిక్కుడు పాదుల్లో దూరింది. అక్కడ నేనేమీ పాతలేదు. ఎలకేమో. మూతినిండా మట్టితో బయటికొచ్చింది. పండుగనాడు తెల్లవారుతూ అటుగా వెళ్తుంటే చిక్కుడు తీగల మధ్య ఒక టోపీ కదులుతోంది. ఫాదర్ గారు కాఫీ కప్పుతో వరండాలో నిలబడి ఉన్నారు.

"ఏం వెతుకుతున్నావు ఫ్రానే?"

టోపీ ఆగిపోయింది. "ప్రార్థన చేసుకుంటున్నాను ఫాదర్."

"మోకాళ్ళ మీదే ఉన్నావులే. మరి పార దేనికి?"

"పాపాలు లోతుగా ఉన్నాయి ఫాదర్."

"అయితే ఆ చివరి వరుస కూడా చూడు. అక్కడ ఇంకా పెద్దవి ఉండొచ్చు. నేనెలాగూ వెల్లుల్లి వేయాలి."

నవ్వేశాను మామయ్యా. దారి మధ్యలో నిలబడి గట్టిగా నవ్వేశాను. కిటికీలు తెరుచుకున్నాయి. తోనీనా అత్తయ్య తల బయటపెట్టి "అమ్మో, ఈ పిల్లకి నోరుందే!" అంది. తర్వాత తన మొగుణ్ణి చిక్కుళ్ళలో చూసి, నాకంటే గట్టిగా తనే నవ్వింది. ఆ రోజు నన్ను లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది.

ఉర్షులా ఎవరికీ చెప్పలేదు. "ఇంత బాగా నడుస్తున్న కథని ఎవరైనా మధ్యలో ఆపుతారా?" అంది. ఆమె పొట్టి కుక్క ఇప్పుడు మాతోపాటు వస్తోంది. దానికి దూరాలు పనికిరావు, రెండు సందులు తిరిగేసరికి రొప్పుతుంది. అందుకని నీడ ఉన్న చోటల్లా ఆగుతాం, నీళ్ళ డబ్బా నేను మోస్తాను. జూయకేమో పని కావాలి. దేని నడక దానిది.

ఇంతవరకూ సంతోషంగానే రాశాను. ఇక రాయలేను. కాఫీ తాగుతూ తోనీనా అత్తయ్య అంది, "పాపం, సెప్టెంబరులో నీకు తోడు పోతుంది కదే. కుక్కని మాకిస్తానని మీ మామ చెయ్యి కలిపి మాటిచ్చాడుగా."

నిజమేనా? మిమ్మల్ని ఎప్పుడూ ఏమీ అడగని దాన్ని. ఇది అడుగుతున్నాను. నిజమేనా?

ఓలివా


రొవీన్,
ఆగస్టు చివర

అమ్మాయీ,

నిజమే. ఆ పీచ్ పళ్ళ రోజునే మాటిచ్చాను. నీకు రాయలేదు.

ఇక నేను కర్ర లేకుండా నడవలేనని డాక్టరు జూన్‌లోనే చెప్పాడు. కర్ర పట్టుకుని ఆ లోయ బురదలో తిరగలేను. మీ ఆయన తిరగడు. అడవి లేని తార్తూఫు కుక్క బతికున్నా బతుకు కాదు. దాని మంచికే ఇచ్చేశాను అనుకున్నాను.

నన్ను రోజూ నడిపిస్తున్నారని రాసింది కూడా అబద్ధం. వాళ్ళు పిలిచేవాళ్ళు, నేను గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. తెల్లగోడల వసారా, మందుల వాసన, ఈ చివర తలుపు, ఆ చివర తలుపు. నీ ఉత్తరంలో రాయి సంగతి చదివాక నర్సుతో అన్నాను, "నన్ను బయట తిప్పితే తిప్పు, లేకపోతే వదిలెయ్యి." తిప్పింది. పైన్ చెట్ల కింద నుంచి రేవు దాకా. అక్కడ సార్డీన్ చేపలు కాలుస్తున్నారు, పడవకి కొత్తగా తారు పూస్తున్నారు. వాసన చూస్తూ నిలబడిపోయాను. ఆమె తొందరపెట్టలేదు. ఇప్పుడు నేనే ముందు లేచి ఆమె కోసం కాచుకుంటున్నాను.

చెయ్యి కలిపి ఇచ్చిన మాట మన కొండ మీద వెనక్కి తీసుకోరు. కానీ మనకొక పద్ధతి ఉంది. కుక్క చేతులు మారేముందు కొత్తవాడు దాన్ని అడవికి తీసుకెళ్ళాలి. పాత ఇంటి మనిషి ఒకరు వెంట ఉండాలి. మధ్యాహ్నం గంట కొట్టేలోపు అతని తాడు మీద అది తార్తూఫు తీస్తే, కుక్క అతనిది. తీయకపోతే మాట చెల్లదు. వెంట ఉన్న మనిషి పిలవకూడదు, సైగ చేయకూడదు. సీజను మొదలైన మొదటి ఆదివారం. మన ఇంటి మనిషివి నువ్వే.

జూయ తీస్తుంది. దాని ముక్కు నాకు తెలుసు. ఫ్రానె చెడ్డవాడు కాదు, కాస్త గట్టిగా లాగుతాడు అంతే. ఏడవకు.

బార్తోల్


బ్రెగ్,
సెప్టెంబరు, ఆదివారం సాయంత్రం

మామయ్యా,

ఏడవలేదు. అంటే, బయల్దేరేముందు కాస్త.

ఊళ్ళో సగం మంది వంతెన దాకా వచ్చి అక్కడ ఆగిపోయారు. ఫ్రానె చిన్నమామయ్య కొత్త బూట్లు వేసుకుని పొట్టి తాడు తెచ్చారు. ముందురోజు నుంచి జూయకి తిండి పెట్టవద్దని కబురు చేశారు, పెట్టలేదు. "పద! పని చూడు!" అని అడవిలోకి లాక్కెళ్ళారు. నేను వెనక నడిచాను.

మామయ్యా, అది తల ఎత్తుకుని నడిచింది. పోలీసువాడిలా. ఓక్ చెట్ల కింద, కాలువ పక్కన, తడి ఆకుల మీద, ముక్కు ఒక్కసారి కూడా దించలేదు. ఆయన నేలని చూపిస్తున్నారు, వంగి తనే వాసన చూసి చూపిస్తున్నారు, "ఇదిగోనే, ఇదిగో, దేవతా, నా తల్లీ" అంటున్నారు. అది ఆయన వైపు మర్యాదగా చూస్తోంది. నాకు వెంటనే అర్థమైంది. పొట్టి తాడు మీద ముక్కు దించకూడదని దానికి జూన్‌లో నేర్పింది నేనే. ఒక్క మాట చెబితే చాలు, ఆయనకి తెలుస్తుంది. చెప్పకూడదన్నది పద్ధతి. చెప్పకపోతే కుక్క నాది. నోరు మూసుకుని నడవడం నాకు కొత్త కాదు. కానీ ఈరోజంత కష్టంగా ఎప్పుడూ అనిపించలేదు.

గంట కొట్టింది. చిన్నమామయ్య పడిపోయిన మొద్దు మీద కూలబడి బూట్లు విప్పుకున్నారు. "సరే పిల్లా. మాట చెల్లలేదు. తీసుకుపో."

నేను దాని మెడనుంచి పొట్టి తాడు తీసి నా బట్టల తాడు కట్టాను. ఇంటిదారి పట్టాం. అది ముక్కు దించింది. నేను ఆగాను. అది ఇంకో చెట్టు దగ్గరికి వెళ్ళింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. తవ్వడం మొదలుపెట్టింది. "నెమ్మది" అన్నాను, చెయ్యి ఆనించాను. తెల్లది. నా పిడికిలంత ఉంది. వెల్లుల్లి, తేనె, పాత అటక, అన్నీ కలిసిన వాసన!

చిన్నమామయ్య ఉత్తికాళ్ళతో నిలబడి చూస్తున్నారు. ఇక ఆగలేకపోయాను. "మీకు చెప్పకూడదన్నారు కాబట్టి చెప్పలేదు. తాడు పొట్టిగా ఉంటే ఇది వాసన చూడదు. అలా నేర్పింది నేనే. ఇది న్యాయం కాదు. ఈ తాడుతో మీరు మళ్ళీ వెళ్ళండి" అన్నాను. తాడు ఆయన చేతికిచ్చాను.

ఆయన తాడు పట్టుకుని కాసేపు నడిచారు. జూయ ఒక ఫెర్న్ మొక్క దగ్గర ఆగింది. ఆగింది. ఇంకా ఆగింది. "ఇంకెంతసేపే?" అన్నారు ఆయన. "తెలియదు. ఒక్కోసారి చాలాసేపు" అన్నాను. "రోజూ ఇంతేనా?" "రోజూ ఇంతే." ఆయన ఆకాశం వైపు చూశారు, జూయ వైపు చూశారు, తాడు తెచ్చి నా చేతిలో పెట్టేశారు. "దీనికి కావలసింది నా దగ్గర లేదమ్మాయ్. నా ఓపిక మొత్తం మీ అత్తయ్య మీదే ఖర్చయిపోయింది. నువ్వే ఉంచుకో. కానీ నా మొద్దు కుక్క ఉంది చూడు, దాన్ని కూడా నీ నడకలో కలుపుకో."

వంతెన దగ్గర ఆయనే అందరికీ అరిచి చెప్పారు, కుక్క ఓలివాది అని. మీది అనలేదు. నేను దిద్దలేదు, మన్నించండి.

తార్తూఫు గుడ్లలోకి తురిమి చిన్నమామయ్యకీ, తోనీనా అత్తయ్యకీ, ఉర్షులాకీ పెట్టాను. మీకొక ముక్క పంపుదామంటే, "నా సంచిలోనా? నెలరోజులు ప్రతి ప్రేమలేఖా కంపు కొడుతుంది" అంది.

ఓలివా


రొవీన్,
సెప్టెంబరు

తల్లీ,

నీ ఉత్తరం కంటే ముందు ఫ్రానె వచ్చాడు. ఈసారి పళ్ళు లేవు. కుర్చీ లాక్కుని కూర్చుని అంతా చెప్పాడు. "గెలిచాక తాడు నా చేతికిచ్చింది బార్తోల్! అలాంటి పిల్లని ఇంట్లో పెట్టుకుని ఇక్కడ పడుకుని ఏం చేస్తున్నావు?" అన్నాడు. నువ్వు తాడు ఇచ్చావని వినగానే గుండె ఆగినంత పనైంది, అది నిజం. నేనైతే ఇచ్చేవాణ్ణి కాదు.

కుక్క నీదే. వాడు సరిగ్గానే అరిచాడు.

నా జాగాలు ఉత్తరంలో రాయను. ఉర్షులా, ఊరికే ఆశపడకు. ఇంటికొచ్చాక చూపిస్తాను. తాడు నువ్వే పట్టుకో, నేను కర్రతో వెనక వస్తాను. నెమ్మదిగా వస్తాను. మీరిద్దరూ ఎలాగూ అడుగడుక్కీ ఆగేవాళ్ళే కాబట్టి అందుకుంటాను.

గురువారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. కర్రతో దిగుతుంటే ఊరంతా చూస్తుంది, ఎవరూ ఎదురు రావద్దు అని రాయబోయాను.

రండి. ఇద్దరూ రండి. ఊరంతా చూడనీ.

మామయ్య